చిన్నాయన అతికించిన అద్దాలు

పాత సామాను కొనేటప్పుడు ఒక్కొక్క వస్తువుకీ ఒక్కొక్క పరీక్ష ఉంటుంది. పాత సైకిలు కొనేవాడు వెనక చక్రం పైకెత్తి తిప్పి చూస్తాడు. కుట్టుమిషనయితే గుడ్డపీలిక ఒకటి పెట్టి తొక్కి చూస్తాం. ఇత్తడి బిందెను వేలితో కొట్టి మోత వింటాం. చేపలు పెంచే అద్దాలతొట్టికి మాత్రం అలా నిమిషంలో తేలిపోయే పరీక్ష లేదు. పైకి నిగనిగలాడే తొట్టి ఇంటికి తెచ్చి నీళ్ళు పోసిన మూడోనాటి రాత్రి హాలును చెరువు చేయవచ్చు. సున్నపుచారలు కట్టి, ఎవరూ ముట్టుకోబుద్ధి కాకుండా ఉన్న తొట్టి ఇంకో ఇరవై ఏళ్ళు నిక్షేపంగా నిలవనూ వచ్చు. తేడా అంతా అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సిలికాన్ అతుకులోనే ఉంది. ఆ అతుకును ఎలా చూడాలో ఈ మధ్యనే నేను చేతులారా నేర్చుకోవలసి వచ్చింది. చేపలమీద మోజున్న పిల్లలు ఏ ఇంట్లోనైనా ఉంటారు కాబట్టి, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది తిరువళ్ళూరు. మా అమ్మ చెల్లెలు ఉండేది తిరుత్తణిలో. కోస్తావాళ్ళు పిన్ని, బాబాయి అంటారు. మా వైపు చిన్నమ్మ, చిన్నాయన. చిన్నాయనా వాళ్ళ ఇల్లు కట్టేనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది, చెంగల్పట్టు జిల్లా అయింది. 1997లో ఆ జిల్లాను చీల్చినప్పుడు తిరువళ్ళూరు జిల్లా అయింది. ఇల్లు అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. అంగడికి పోతే అరవం, గడప లోపల తెలుగు, అది మాత్రం మారలేదు.

చిన్నాయన పోయి మూడేళ్ళయింది. ఒక్కడే కొడుకు, వాడు అమెరికాలో ఉన్నాడు. ఆవిడ ఒక్కతే అంత ఇంట్లో ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. ఇల్లు అమ్మడం, మా ఇంటికి వచ్చేయడం అని నిరుడే అనుకున్నా, "ఆడికృత్తిక కానీ" అంటూ జరుపుకొచ్చింది. తిరుత్తణిలో ఆడికృత్తిక అంటే తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పూలకావళ్ళు ఎత్తుకొని, పసుపుగుడ్డలు కట్టుకొని, రాత్రీ పగలూ జనం కొండకు నడుస్తూనే ఉంటారు. అరవై ఏళ్ళుగా అరుగుమీద కూర్చుని చూసిన జనాన్ని ఇంకొక్కసారి చూసుకొని, ఆ తరవాత తాళంచెవులు ఇచ్చేస్తానంది. అలాగే ఇచ్చింది కూడా. మంచం, బీరువా, రుబ్బురోలు, ఇత్తడి అండాలు అన్నీ వాళ్ళకీ వీళ్ళకీ పంచిపెట్టింది. రెండే తెచ్చుకుంటానంది. ఒకటి చిన్నాయన ఫోటో. రెండోది వెనక వసారాలో కొబ్బరిచిప్పలు నింపి పెట్టిన అద్దాలతొట్టి.

మావారు తల పట్టుకున్నారు. ఆయన చెప్పిన మాటలో అన్యాయమేమీ లేదు. "కుట్టియానైకి ఇచ్చే బాడుగతో సగం కొత్తతొట్టి వస్తుంది. అత్తయ్యకు కావలసింది చేపలే కదా, కొత్తది కొనిపెడదాం" అన్నారు. కుట్టియానై అంటే ఇక్కడివాళ్ళు చిన్న సామాను బండికి పెట్టుకున్న ముద్దుపేరు, ఏనుగుపిల్ల అని. దానికి తోడు మేముండేది మేడమీద. కింది పోర్షనులో అద్దెకున్న అమ్మాయికి ఆరునెలల పాప. మేం తొట్టి పెట్టాలనుకున్న గోడకు సరిగ్గా కిందనే ఆ పాప ఉయ్యాల. ఇరవై ఏళ్ళు దాటిన అతుకులున్న తొట్టిని, ఆపైన మూడేళ్ళు మూలనపడి ఉన్నదాన్ని, ఆ ఉయ్యాల నెత్తిన పెడతామా?

చిన్నమ్మ ఒక్కటే అంది. "నువ్వు టీచరమ్మవి కదమ్మణ్ణీ. నువ్వే సూడు. కారతాదంటే ఈడనే వదిలేస్తా."

అందుచేత బాధ్యత నామీద పడింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నీటి ఒత్తిడి పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. ఉన్నది లేదనీ, లేనిది ఉన్నదనీ ఆవిడకు చెప్పే హక్కు నాకు లేదు.

చిన్నాయన తాలూకాఫీసులో గుమాస్తా. కొండకింద శరవణ పొయిగై కోనేటిలో చేపలకు బొరుగులు వేస్తూ పెరిగినవాడు. మొదట ఆయన ఇంట్లో ఉన్నది ఇనపచట్రం తొట్టి. ఆ రోజుల్లో అన్నీ అవే, చట్రంలో అద్దాలు పెట్టి పుట్టీ దట్టించేవాళ్ళు. అందులో నీళ్ళు తీసేసి ఎండబెడితే పుట్టీ గట్టిపడి పగిలేది, మళ్ళీ నింపితే కారేది. 'తొట్టిని ఎండనివ్వకూడదు' అని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారే, ఆ మాట ఆ కాలానిది. సిలికాన్ వచ్చాక చట్రం అవసరమే పోయింది. అయిదు అద్దాలు ఒకదానికొకటి అంటించుకొని తమంతట తామే నిలబడతాయి. సిలికాన్ రబ్బరులాంటిది, నీళ్ళు లేనంతమాత్రాన పుట్టీలాగా ఎండి బీటలువారదు. ఖాళీ తొట్టిని చెడగొట్టేది ఎక్కువగా మనమే. ఒక మూల పట్టుకొని ఈడ్చడం, పైనున్న అడ్డుపట్టీ పట్టుకొని ఎత్తడం, ఎగుడుదిగుడు నేలమీద దించడం, వీటితో అతుకు లాగుడుకు గురవుతుంది.

ఈ తొట్టిని చిన్నాయన 1996లో తానే చేశాడు. కృష్ణ నీళ్ళు తెలుగుగంగ కాలువలో పూండి చెరువుకు వచ్చిన ఏడాది అది. "కిష్ణమ్మ మద్రాసుకొస్తా ఉంది, నా తొట్టికీ నీళ్ళకు కొదవుండదులే" అని నవ్వేవాడట. ఎనిమిది మిల్లీమీటర్ల అద్దాలు కోయించుకొచ్చి, వసారాలో చాపమీద పరుచుకొని అతికించాడు. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగున్నర ఎత్తు.

ఆ కొలతలతో లెక్క కట్టండి. అంచుదాకా నింపితే దాదాపు 159 లీటర్ల నీళ్ళు, అంటే 159 కిలోలు. గాజు ఇంకో 30 కిలోలు. గులకరాళ్ళు, కింద బల్ల అన్నీ కలిపితే రెండువందల కిలోలు సునాయాసంగా దాటుతుంది. అది కింది స్లాబు మోయవలసిన బరువు. అతుకు మోసేది వేరే. నీళ్ళు అద్దాలను బయటికి తోస్తాయి. నిండా నింపినప్పుడు ఒక్క ముందు అద్దం మీదనే ఆ తోపు సుమారు 95 కిలోల బరువంత. అదీ అంతటా సమానంగా కాదు, పైన సున్నా, కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. పాఠంలో పిల్లలు ఎప్పుడూ నమ్మని సంగతి ఒకటుంది. తొట్టి అడుగు వెడల్పున్నా పదడుగుల వెడల్పున్నా ఆ ముందు అద్దం మీద తోపు ఒక్కటే. లోతు మాత్రమే లెక్క. ఇంకోటి, నీళ్ళు సగం ఎత్తుకు పోస్తే తోపు సగం కాదు, పావు. 95 కాదు, 47 కాదు, దాదాపు 24. అందుకే అమ్మేవాళ్ళు సగం నీళ్ళు పోసి "చూడండి, చుక్క కారలేదు" అంటే, అది పావు పరీక్ష అని గుర్తుపెట్టుకోండి.

కొబ్బరిచిప్పలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, నేనూ మావారూ తొట్టిని అడుగున చేతులు పెట్టి ఎత్తి తిరుత్తణి ఇంటి పెరట్లో ఎండలోకి తెచ్చాం. సబ్బు వాడలేదు. సబ్బు ఎంత కడిగినా సిలికాన్ అంచుల్లో మిగిలి చేపలకు చేటు చేస్తుందని చిన్నాయన సబ్బుచెయ్యి కూడా తొట్టిలో పెట్టనిచ్చేవాడు కాదు.

అతుకంటే మనం ఒకటే అనుకుంటాం. నిజానికి రెండు. అద్దం అంచుకూ పక్క అద్దానికీ మధ్య పలచగా, పట్టీలాగా ఉండేది ఒకటి. తొట్టిని పట్టి నిలబెట్టేది అదే. లోపలివైపు మూలల్లో గాడిలాగా పూసి ఉండేది రెండోది. అది నీళ్ళనూ, పాకుడునూ, గీకుడుబ్లేడునూ మొదటిదాని దగ్గరికి పోనివ్వకుండా కాపలా కాస్తుంది. కాపలావాడు దెబ్బతింటే మార్చుకోవచ్చు. లోపలి పట్టీ దెబ్బతింటే అద్దాలన్నీ విడదీసి మళ్ళీ కట్టవలసిందే. ఈ తేడా తెలియక కొందరు మంచి తొట్టిని పారేస్తారు, కొందరు పనికిరాని దానికి పైపైన పూత పూస్తారు.

ముందు పట్టీ చూశాను. సెల్‌ఫోను దీపం అద్దం అంచునుంచి లోపలికి వేసి, బయటినుంచి భూతద్దం పెట్టి, నాలుగు నిలువు అతుకులూ, అడుగున నాలుగు వైపులా. మంచి పట్టీ దీపం వెలుగులో ఒకే రంగుగా కనిపిస్తుంది. అక్కడక్కడా ఆవగింజంత బుడగలు ఉంటే భయం లేదు, అంటించిననాడు చిక్కుకున్న గాలి అది. బుడగలు వరసగా కలిసి లోపలినుంచి బయటిదాకా దారి పడితే అది ప్రమాదం. అద్దం నుంచి సిలికాన్ విడిపోయిన చోట వెండిరేకులా తళుక్కుమంటుంది, అదీ ప్రమాదమే. తరవాత బయటి అంచులు చూశాను. మన బోరునీళ్ళలో సున్నం జాస్తి. ఎక్కడైనా రోజూ కొంచెం చెమ్మ ఊరి ఉంటే, నీరు ఆవిరై తెల్లటి చార మిగులుతుంది. మూత కిందినుంచి చిందిన చారలు పైనుంచి కిందికి దిగుతాయి. కారిన చార అతుకులోంచి మొదలవుతుంది. గాజు మూలల్లో పెచ్చులు లేచాయేమో కూడా తడిమి చూడాలి, చెయ్యి జాగ్రత్త.

పట్టీ ఎనిమిది వైపులా చెక్కుచెదరలేదు. ఇరవై ఏళ్ళు దాటినా ఒకే రంగు. తాలూకాఫీసు గుమాస్తా, తెల్లకాగితం మీద గీతకర్ర లేకుండా గీత గీయగల మనిషి, పని అలాగే చేశాడు.

లోపలి మూలపూత సంగతి వేరు. బొటనవేలితో అంచును పక్కకు రుద్ది చూస్తే మంచి సిలికాన్ కదలదు, నొక్కితే రబ్బరులా తిరిగి లేస్తుంది. వెనకవైపు బాగానే ఉంది. ముందు ఎడమ మూలలో కిందినుంచి జానెడు మేర అంచు లేచిపోయింది. దాని కింద నల్లగా పాకుడు దూరి ఉంది. పాకుడు దూరిందంటే నీళ్ళూ దూరినట్టే.

అప్పుడు కనిపించింది ఆ గుర్తు. మూలపూతను వేలితోనే నున్న చేస్తారు. పైనుంచి కిందికి ఒక్క తీరున వేలు లాగుతారు. లాగి లాగి అడుగు మూలలో వేలు ఆపి తీసిన చోట నెలవంకలాగా చిన్న గుంట ఉండిపోతుంది. మిగతా మూడు మూలల్లో కూడా ఉంది గానీ, ఈ ముందు మూలలోది బాగా లోతుగా, వేలిరేఖలతో సహా ఉంది. చిన్నమ్మకు చూపించాను. ఆవిడకు అది ముందే తెలుసు. తొట్టి కడిగినప్పుడల్లా చూస్తూనే ఉందట. ఒంగి, తన చూపుడువేలు అందులో పెట్టి చూసింది. ఆవిడ వేలు అందులో వదులుగా పట్టింది.

"దీన్ని తియ్యకుండా కుదరదా?" అని అడిగింది.

కుదరదు. ఎందుకో ఆవిడకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ఇసుక, గాజు, ఈ జిగురు, మూడింటి వెన్నెముకా ఒకటే, సిలికాన్ మూలకమూ ఆమ్లజనీ కలిసిన బంధం. అందుకే తడిగా ఉన్న కొత్త సిలికాన్ గాజును పట్టుకుంటే ఇక వదలదు. కానీ ఒకసారి ఎండి గట్టిపడ్డ సిలికాన్ మీద ఇంకేదీ సరిగ్గా అంటుకోదు, ఇంకో సిలికాన్ కూడా. అందువల్ల లేచిన జానెడు మాత్రం కోసేసి అక్కడ కొత్తది పూస్తే, పాతా కొత్తా కలిసేచోట అతుకు ఉండదు, ఆనుకొని ఉంటాయంతే. అదీ ఎక్కడ? అడుగు మూలలో, నీళ్ళ తోపు అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోట. మూలపూత తీస్తే నాలుగు మూలలూ, అడుగంచులూ మొత్తం తీసి, ఒకేసారి కొత్తది పూయాలి. సగం పని చేయడం కంటే అసలు చేయకపోవడం నయం.

మావారికి మనసు కరిగింది. "సిలికాన్ గీకితే రబ్బరు నాడాలాగా ఊడొస్తుంది కదా, ఆ ముక్క వరకూ కోసి డబ్బీలో పెట్టి ఇస్తాంలే అత్తయ్యా" అన్నారు.

"రబ్బరు ముక్క పెట్టుకోని నేనేం జేసుకునేది నాయనా" అంది చిన్నమ్మ. కాసేపు ఊరుకొని నన్ను అడిగింది, "అద్దాలకు నడాన ఉండేది పోదు గదా? అది కూడా ఆయన అంటించిందే గదా?"

పోదు, దాన్ని ముట్టుకోనే ముట్టుకోను అన్నాను.

"అయితే గీకు."

గీకడం తిరువళ్ళూరులో పెట్టుకున్నాం. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. బండిలో పరుపు వేసి, దానిమీద తొట్టిని నిలువుగానే కూర్చోబెట్టి, చుట్టూ తలగడలు దట్టించి కట్టాం. కనకమ్మసత్రం దాటేదాకా చిన్నమ్మ ముందు సీట్లో వెనక్కి తిరిగే కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరుకు అరవంలో చీవాట్లు.

ఈ పనికి ఏ సిలికాన్ పడితే అది పనికిరాదు. స్నానాల గదులకని అమ్మేవాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. బూజును చంపేది చేపను ఊరుకోదు. చేపలతొట్టికని రాసి ఉన్నదే అడగాలి. చెన్నై కొళత్తూరు రంగుచేపలకు పేరుపడ్డ చోటు, మా జిల్లా పల్లెల్లో తొట్లు కట్టి పెంచేవాళ్ళ చేపలు కూడా అక్కడికి చేరతాయి. తొట్లు అతికించేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు కాబట్టి మావారు ఆదివారం రైలెక్కి పోయి తెచ్చారు. కొట్టువాడు పాతతొట్టి అనగానే చెప్పిన మొదటిమాట, "లోపలి పట్టీలోకి బ్లేడు పోనివ్వకండి" అనట. నేను ముందే చెప్పిన సంగతి కొట్టువాడు చెప్పాక మావారికి నమ్మకం కుదిరింది. మగవాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు.

కొత్త బ్లేడుతో, గాజుకు ఆనించి పడుకోబెట్టినట్టుగా, వెనక మూలల నుంచి మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది. పొడవాటి నాడాలుగా లేచేది సులువే. అద్దానికి పొరలాగా మిగిలిపోయేదే ప్రాణం తీస్తుంది. దాన్ని మళ్ళీ మళ్ళీ గీకి, స్పిరిటులో ముంచిన గుడ్డతో గాజు కిర్రుమనేదాకా తుడవాలి. ముందు ఎడమ మూల చివరికి ఉంచాను. చిన్నమ్మ కుర్చీ వేసుకొని పక్కనే కూర్చుంది. ఆ ముక్క ఊడి వచ్చాక చేతికిచ్చాను. చూసి, మిగతా చెత్తతో బాటు చేటలో వేసింది.

పూయడానికి పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలూ ఆలోచించుకోవడానికి ఉండవు. మూలకు ఇరువైపులా కాగితపు టేపు అంటించుకొని, మధ్యన సిలికాన్ ఆపకుండా లాగి, తడివేలితో ఒక్క తీరున నున్న చేసి, పైన పొరకట్టకముందే టేపు ఊడదీయాలి. వేలు నువ్వు లాగుతావా అని చిన్నమ్మను అడిగాను. "నా చెయ్యి వణుకుతాది, వంకర పోతే మల్లా గీకల్ల. నువ్వే తియ్యి" అంది. నేనే తీశాను.

ఇల్లంతా సిర్కా వాసన. ఈ సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు విడిచే ఆమ్లమూ సిర్కాలో ఉండేదే. పైనుంచి లోపలికి ఆరుతూ పోతుంది కాబట్టి, పైన ముట్టుకుంటే అంటనంతమాత్రాన లోపల ఆరినట్టు కాదు. ఒకరోజు చాలంటారు కొందరు. కింద పాప ఉన్న ఇంట్లో నాకు తొందర లేదు. వాసన పూర్తిగా పోయినదాకా, ఆపైన ఇంకో రెండురోజులు, మొత్తం తొమ్మిది రోజులు ఉంచాను.

నీళ్ళ పరీక్ష మేడమీద కాదు, కింద పెరట్లో, సిమెంటు అరుగుమీద. రసమట్టం పెట్టి సమంగా ఉన్నదని చూసుకొని, అర అంగుళం థర్మోకోలు పరిచి, దానిమీద తొట్టి. చుట్టూ ఏం పెడితే చెమ్మ తెలుస్తుంది అని నేను వార్తాపత్రికలు వెతుకుతుంటే, చిన్నమ్మ ముగ్గుడబ్బా తెచ్చి తొట్టిచుట్టూ సన్నగా గీత పోసింది. "చుక్క పడితే నల్లబడతాది, ఏ పక్క పడిందో కూడా తెలస్తాది." నిజమే. నాకు తట్టలేదు. అయితే ఆవిడ పోసింది తిరుత్తణి అలవాటు ప్రకారం అసలైన బియ్యప్పిండి. తెల్లారేసరికి చీమలు గీతను మూడువంతులు మోసుకుపోయాయి. రెండోరోజు నా పాత సుద్దముక్కలు దంచి పోశాం.

మొదటిరోజు సగం ఎత్తు. రెండోరోజు ముప్పావు. మూడోరోజు అంచుకు అంగుళం తక్కువగా. ఆ సాయంత్రం ముందు అద్దం బయటంతా చెమర్చి, బొట్లు జారి సుద్దగీత రెండుచోట్ల నల్లబడింది. మావారి ముఖం చూడాలి. నేను గుడ్డతో అద్దమంతా తుడిచి, అతుకుల వెంబడి వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాను. చల్లటి బోరునీళ్ళు పోసినప్పుడు, గాలిలో ఉక్క ఉంటే అద్దానికి బయట మంచు పట్టినట్టు చెమరుస్తుంది. చల్లటి చెంబుకు పట్టినట్టే. చెమట అద్దమంతా పడుతుంది, తుడిస్తే మళ్ళీ అంతటా పడుతుంది. కారడమైతే తుడిచినా అదే చోట, అతుకులోంచే పుడుతుంది. గీత కొత్తగా పోసి, రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగుకు ఒకసారి బ్యాటరీలైటు వేసుకొని చూశాను. రెండోసారి వెళ్ళేటప్పటికి చిన్నమ్మ అప్పటికే అక్కడ మెట్టుమీద కూర్చుని ఉంది. ఎప్పటినుంచి అని అడగలేదు. గీత తెల్లగానే ఉంది.

ఇంకో అయిదురోజులు అలాగే నిండా ఉంచాం. అద్దం మధ్యలో ఉబ్బిందేమో చూడటానికి ముందు అద్దానికి దారం బిగించి పట్టి చూశాను, తేడా లేదు. అప్పుడు కింది అమ్మాయిని పిలిచి అంతా చూపించాను. ఇది ఆవిడ నెత్తిమీద పెట్టే బరువు, ఆవిడకు తెలియకుండా పెట్టడం న్యాయం కాదు. ఆ అమ్మాయి పాపను చంకనేసుకొని తొట్టిచుట్టూ తిరిగి చూసి, "ఆంటీ, ఎలాగూ ఉయ్యాల వంటింటి పక్కకు మార్చుదామనుకుంటున్నాం" అంది. మార్చేసింది కూడా. మేం కూడా తొట్టిని హాలు మధ్యగోడకు కాకుండా, కింద దూలం ఉన్న గోడవారకు జరిపి పెట్టాం.

నీళ్ళు నింపగానే చేపలు వేయకూడదు. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో, గులకరాళ్ళలో స్థిరపడటానికి నెలరోజులు పడుతుంది. ఈ సంగతి చిన్నమ్మకు చెప్పనక్కరలేకపోయింది. పక్కవీధిలో చేపలు పెంచే కుర్రాడి తొట్టినుంచి పాత గులకరాళ్ళు గుప్పెడు అడిగి తెచ్చి ఆవిడే వేసింది, పెరుగుకు తోడేసినట్టు. అయినా మూడువారాలు ఆగాం. మొన్న అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికి పోయి కోనేట్లో బెల్లం వేసి వచ్చిన మరునాడు, ఆరు గప్పీలూ నాలుగు నల్ల మోలీలూ తెచ్చాం. బంగారుచేపలు ఈ తొట్టికి పెద్దవైపోతాయి, చిన్నాయన వేసేవాడు కాదు అంది.

బల్ల చుట్టూ నేలమీద సుద్దగీత ఇంకా ఉంది. పనిమనిషి గది తుడిచేటప్పుడు అక్కడికి రాగానే చిన్నమ్మ కాళ్ళు చాపి కూర్చుంటుంది.